పాకిందా? క్యాన్సర్ కణం నడిచే దారులు

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా, స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు డాక్టరును అడిగే మొదటి మాట ఒక్కటే: "పాకిందా అండీ?" అవుననో కాదనో చెప్పేస్తే సరిపోయే ప్రశ్నలా ఉంటుంది గానీ జవాబు అంత పొట్టిది కాదు. ఏ దారిన పాకింది, ఎంత దూరం వెళ్లింది, వెళ్లినచోట నిలదొక్కుకుందా అన్నవి తేలితేనే ఆ రిపోర్టుకు అర్థం. నోట్లో పుట్టిన క్యాన్సర్ ముందు మెడలోకి దిగుతుంది. పెద్దపేగులో పుట్టినది ఎక్కువగా లివర్‌కు పోతుంది. ప్రోస్టేట్‌ది నడుము ఎముకల్లో చేరుతుంది. ఈ దారులు చాలావరకు ముందే తెలిసినవి. ఆపరేషన్‌లో ఏం తీయాలో, ఏ స్కాన్ రాయాలో డాక్టర్లు నిర్ణయించేది వీటిని చూసే.

చాప కిందికి దిగితేనే

నోటి క్యాన్సర్‌తో మొదలుపెడితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్నది గుంటూరులోనే. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఈ చుట్టుపక్కల ఏ ఊరికీ కొత్త కాదు. పొగాకు ముద్ద రోజూ ఒకే పక్క పెట్టుకునేవాళ్లకు ఆ బుగ్గ లోపలే తెల్లమచ్చో ఎర్రమచ్చో వచ్చే అవకాశం ఎక్కువ. అక్కడ పైపొరలోని కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టునిచ్చే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఈ-క్యాడ్హెరిన్. పైపొర కింద, కొలాజెన్‌తో అల్లిన పలచటి చాపలా ఇంకో పొర ఉంటుంది. దాన్ని బేస్‌మెంట్ మెంబ్రేన్ అంటారు. రక్తనాళాలూ లింఫ్ నాళాలూ ఉండేది ఈ చాప కిందే, పైన కాదు. అందుకే కణాలు ఎంత చెడినా చాప దాటనంతకాలం వాటికి ప్రయాణించే దారి లేదు. ముక్క రిపోర్టులో, అంటే బయాప్సీ రిపోర్టులో, 'కార్సినోమా ఇన్ సైటు' అని ఉంటే అర్థం ఇదే.

దాటే పని ఒక్కసారిగా జరిగిపోయేది కాదు. ముందు ఈ-క్యాడ్హెరిన్ తగ్గి పక్క కణంతో పట్టు సడలుతుంది. ఆ తర్వాత కొలాజెన్‌ను తెగ్గొట్టే ఎంజైములు పని మొదలుపెడతాయి. వాటిలో కొన్నిటిని గడ్డ చుట్టూ ఉన్న మామూలు కణాలే తయారుచేసి ఇస్తాయి. పుండు మానడానికి శరీరం వాడే పనిముట్లే ఇవన్నీ. మానని పుండును పాత తరం 'రాచపుండు' అని వేరుగా చూసి భయపడటంలో అర్థముంది. నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే విటమిన్ మాత్రలు మారుస్తూ కూర్చోకూడదు, ముక్క తీయించాలి.

గడ్డ సైజెంత అని అందరూ అడుగుతారు. లోతెంత అని అడిగేవాళ్లు తక్కువ. నాలుక మీద రెండు సెంటీమీటర్ల వెడల్పున్న పుండు 3 మిల్లీమీటర్ల లోతులో ఆగితే టీ1, అంటే గడ్డ కొలతల్లో మొదటి మెట్టు. అదే వెడల్పుతో 7 మిల్లీమీటర్లు దిగితే టీ2. 2018లో అమల్లోకొచ్చిన స్టేజింగ్ పద్ధతిలో ఈ లోతుకు చోటిచ్చారు. లోతుకు వెళ్లేకొద్దీ లింఫ్ నాళాలు లావుగా, ఎక్కువగా ఉంటాయి. వెడల్పు అద్దంలో కనబడుతుంది, లోతు కనబడదు. "చిన్న పుండేగా" అనుకుని మోసపోయేది ఇక్కడే.

మెడలో బిళ్ల

ప్రకాశం బ్యారేజీ నుంచి విడిచిన నీళ్లు ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల మీదుగా విజయవాడ దాటి వెళ్తాయి. పైన తెగిన గుర్రపుడెక్క తుంట నీళ్లలో కొట్టుకొచ్చి, ఏ వంతెన స్తంభం దగ్గరో చిక్కుకుని అక్కడే పిలకలు వేస్తుంది. లింఫ్ దారిలో క్యాన్సర్ కణం చేసేదీ దాదాపు అదే. కణాల మధ్య చేరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే నాళాలే లింఫ్ నాళాలు. గోడలు పలచన, కణాల మధ్య అతుకులు వదులు. రక్తనాళంలోకి చొరబడటం కన్నా వీటిలోకి దూరడం సులువు. దారి మధ్యలో జల్లెడల్లా ఉండే లింఫ్ గ్రంథులనే వాడుకలో బిళ్లలంటాం. శరీరంలోని లింఫ్ గ్రంథుల్లో దాదాపు మూడో వంతు మెడలోనే ఉంటాయి.

మెడను సర్జన్లు ఒకటి నుంచి ఐదు లెవెల్స్‌గా విడదీసి చూస్తారు. గడ్డం కింద, దవడ కింద ఉండేది లెవెల్ 1. మెడ పక్కన పైనుంచి కిందికి 2, 3, 4. వెనకపక్కది 5. బుగ్గ లోపలి క్యాన్సర్ ముందుగా దవడ కిందికి వెళ్తుంది. నాలుక పక్కది 1, 2, 3 లెవెల్స్‌లో ఎక్కడైనా తేలవచ్చు. బిళ్ల దగ్గరకొచ్చిన కణం నేరుగా నడిబొడ్డుకు పోదు, తొడుగు కిందున్న సన్నటి సందులో చిక్కుకుంటుంది. అక్కడ రెండు మిల్లీమీటర్ల మచ్చగా పెరిగినప్పుడు బిళ్ల బయటకు మామూలుగానే ఉంటుంది. చేతికి తగలదు, స్కాన్‌లోనూ తప్పించుకోవచ్చు. ఇంకా పెరిగితే బిళ్ల గట్టిపడుతుంది, నొప్పి లేకుండానే. చివరికి తొడుగు చీల్చుకుని చుట్టూ ఉన్న కొవ్వులోకి, కండలోకి పోయి అతుక్కుంటుంది. ఇక వేలితో నెట్టినా కదలదు.

చేతికి బిళ్ల తగలనప్పుడు మెడ కోయడం ఎందుకన్న ప్రశ్న ఇళ్లలోనే కాదు, సర్జన్ల మధ్యా చాలాకాలం నలిగింది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి జవాబు వెతికి 2015లో ఫలితాలు ప్రకటించింది. నోటి క్యాన్సర్ తొలి దశలో ఉండి, మెడలో బిళ్ల తగలని రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నోటి ఆపరేషన్‌తోపాటే మెడ బిళ్లలూ తీశారు. రెండో జట్టుకు బిళ్ల బయటపడ్డాకే తీశారు. మూడేళ్ల తర్వాత మొదటి జట్టులో 80 శాతం మంది బతికి ఉన్నారు, రెండో జట్టులో 67.5 శాతం. కనబడని మచ్చ ఖరీదే ఆ తేడా. పుండు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు దాటితే మెడ కూడా శుభ్రం చేద్దామని ఇప్పుడు సర్జన్లు అనడానికి కారణమిదే.

ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టులో చూడాల్సినవి కొన్నే: ఎన్ని బిళ్లలు తీశారు, ఎన్నింటిలో జబ్బుంది, తొడుగు దాటిందా, నోట్లో కోసిన అంచుకూ జబ్బుకూ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల మంచి కండ ఉంది. ఐదు మిల్లీమీటర్లుంటే అంచు బాగున్నట్టు. తొడుగు దాటినా, అంచులో జబ్బు మిగిలినా రేడియేషన్‌కు సిస్‌ప్లాటిన్ కీమో జతవుతుంది. మామూలుగా 60 నుంచి 66 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 30 నుంచి 33 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. ఈ 'కరెంటు పెట్టడం' ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. పనులు పాడయ్యేది తరచుగా ఇక్కడే. కుట్లు మానాయి, మనిషి ఇంటికెళ్లాడు, మిరప కోతలొచ్చాయి, పెళ్లి ముహూర్తమొచ్చింది, రెండు నెలలు గడిచాయి. పుచ్చుపళ్ల సంగతీ అంతే. తీయాల్సినవి రేడియేషన్‌కు ముందే తీయించి, చిగుళ్లు మానడానికి రెండు వారాలైనా ఇవ్వాలి. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే ఎముక మానక కుళ్లే ప్రమాదముంది. అందుకని పంటి డాక్టర్ దగ్గరకు ఆపరేషన్‌కు ముందే వెళ్లడం తెలివైన పని.

"ముక్క తీస్తే పాకుతుందట"

ఈ మాట పోగొట్టే కాలం గడ్డ తానుగా పోగొట్టే కాలం కన్నా తక్కువేం కాదు. మెడ బిళ్లలో దూర్చే సూది 22 నుంచి 25 గేజ్, అంటే మామూలు ఇంజెక్షన్ సూది లాంటిదే. నోటి పుండు నుంచి ముక్క తీసినా, రొమ్ము గడ్డలో సూది పెట్టినా, అందువల్ల జబ్బు ఒంట్లోకి పాకి ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ముక్క తీసేనాటికే జబ్బు తన దారిన తాను పోతూ ఉంటుంది. ముక్క తీశాక నెలలో పెరిగిందంటే, తీయకపోయినా పెరిగేదే. పైగా ముక్క రిపోర్టు లేకుండా కీమో, రేడియేషన్ మొదలు కావు. ఆరోగ్యశ్రీ కింద, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అనుమతికి పెట్టే కాగితాల్లోనూ అదే ముఖ్యం.

అలాగని భయం పూర్తిగా గాలిలోంచి పుట్టిందీ కాదు. కొన్నిచోట్ల సూది, కత్తి జాగ్రత్తగా వాడాల్సిందే. వృషణంలో గడ్డ అనుమానముంటే కింది తోలు గుండా ముక్క తీయరు, గజ్జ నుంచి కోసి మొత్తం తీస్తారు. చేతిలో, కాలులో సార్కోమా (కండలో, ఎముకలో పుట్టే క్యాన్సర్) అనుమానమైతే, రేపు ఆపరేషన్‌లో కోయబోయే గీత మీదే సూది పెట్టాలి, ఆ సూది దారిని కూడా గడ్డతోపాటు తీసేయడానికి. అండాశయంలో తొడుగు చెదరని గడ్డ ఆపరేషన్‌లో పగిలితే స్టేజీ 1ఏ కాస్తా 1సీ అవుతుంది. వీటికన్నా తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటుంది. నోరు తెరిపించి చూడకుండానే, మెడ బిళ్లను చిన్న ఆపరేషన్‌తో పైకి తీసేయడం. అసలు పుండు నోట్లో అలాగే ఉంటుంది, మెడలో పొరలు అతుక్కుని తర్వాతి ఆపరేషన్ కష్టమవుతుంది. ముందు నోరు, గొంతు చూడాలి, ఆ తర్వాత సూది పరీక్ష. క్రమం అంతే.

ఇంకో చిక్కు టీబీ. మెడలో బిళ్ల కట్టిందంటే మన దగ్గర మొదట గుర్తొచ్చేది అదే, అందులో తప్పేమీ లేదు. తప్పల్లా సూది పరీక్ష లేకుండా ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెట్టి, బిళ్ల పెరుగుతున్నా "మందు పనిచేయడానికి టైం పడుతుంది" అని ఎదురుచూడటం. యాభై దాటిన, పొగాకు అలవాటున్న మనిషికి గట్టి బిళ్ల కనిపిస్తే అది వేరే రకమని తేలేదాకా క్యాన్సర్‌గానే చూడాలి. సూదిలో వచ్చిన అదే పదార్థాన్ని టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకూ పంపితే టీబీ సంగతీ తేలిపోతుంది.

రక్తంలో పడినవన్నీ బతకవు

లింఫ్ దారి చివరకు మెడ కింద సిరలో కలుస్తుంది. కొన్ని కణాలు అంతదూరం ఆగకుండా, గడ్డలో కొత్తగా పుట్టిన రక్తనాళాల్లోకే నేరుగా దూరతాయి. ఎలుకల రొమ్ము గడ్డల మీద 1975లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక్క గ్రాము గడ్డ నుంచి 24 గంటల్లో 30 లక్షలకు పైగా కణాలు రక్తంలోకి రాలుతున్నాయి. అన్నీ మొలిస్తే ఏ రోగీ వారం బతకడు. రక్తం వేగానికి నలిగి కొన్ని, రోగనిరోధక కణాల చేతికి చిక్కి కొన్ని చస్తాయి. ప్లేట్‌లెట్లను ఒంటికి చుట్టుకున్నవి కొంతసేపు తప్పించుకుంటాయి. ప్రయోగశాలల్లో చూస్తే, రక్తంలోకి వెళ్లిన పదివేల కణాల్లో ఒక్కటి కొత్త గడ్డగా నిలబడటమే గొప్ప.

మనుషుల్లోనూ దీనికి రుజువు దొరికింది, అదీ అనుకోని చోట. అండాశయ క్యాన్సర్ ముదిరి పొట్టలో నీరు చేరినవాళ్లకు ఉపశమనం కోసం, ఆ నీటిని ఒక గొట్టం ద్వారా మెడ సిరలోకి మళ్లించేవారు. నీటితోపాటు కోట్ల క్యాన్సర్ కణాలు నెలల తరబడి రక్తంలో పడ్డాయి. వాళ్లు పోయాక శరీరాలను పరిశీలించి 1984లో ప్రకటించిన ఫలితాల్లో, చాలామంది ఊపిరితిత్తుల్లో కొత్త గడ్డలే లేవు. ఉన్నవాళ్లకూ చిన్నచిన్నవే.

మరి నిలబడేవి ఎక్కడ? కొంత రక్తం దారిని బట్టి. క్యాన్సర్ కణం 15 నుంచి 20 మైక్రాన్లు, కేశనాళిక 8 మైక్రాన్లు. మొదట ఎదురైన సన్న నాళాల్లోనే ఇరుక్కుంటుంది. పెద్దపేగు రక్తమంతా పోర్టల్ సిర గుండా లివర్‌కు పోతుంది, అందుకే లివర్. ఒంటి రక్తం గుండెకొచ్చి వెంటనే వెళ్లేది ఊపిరితిత్తులకు, అందుకే ఊపిరితిత్తులు. మలద్వారానికి దగ్గరున్న భాగం రక్తం పోర్టల్ దారి తప్పించుకోగలదు, దాంతో లివర్‌ను వదిలి నేరుగా ఊపిరితిత్తుల్లో తేలుతుంది.

దారి ఒక్కటే చాలదు. లండన్ సర్జన్ స్టీఫెన్ ప్యాజెట్ 1889లో, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించారు. 241 మందికి లివర్‌లో గడ్డలు, ప్లీహంలో 17 మందికే. ప్లీహానికి రక్తం తక్కువేం కాదు. విత్తనం గాలికి ఎటైనా పోతుంది, మొలిచేది నచ్చిన నేలలోనే అన్నది ఆయన వివరణ. నల్లరేగడిలో విరగకాసే మిరప ఇసుకదిబ్బలో ఎందుకు ఎండిపోతుందో గుంటూరు రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

ఎముక అనే మంచి నేల

రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లకు ఎముక బాగా నచ్చిన నేల. అందులోనూ ఎర్ర మజ్జ ఉండే చోట్లే: వెన్నుపూసలు, కటి, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం. మోచేతి కింద, మోకాలి కింద అరుదు. ప్రోస్టేట్ విషయంలో ఇంకో సులువైన దారి ఉంది. కటి సిరలకూ వెన్ను చుట్టూ ఉన్న సిరలకూ మధ్య కవాటాల్లేవు. దగ్గినా ముక్కినా రక్తం వెనక్కి వెన్నులోకి తోసుకొస్తుంది. 1940లో బ్యాట్సన్ ఈ సంగతి చూపించారు.

ఎముకలో జరిగేది చూస్తే కణం తెలివి చూసి ఆశ్చర్యమేస్తుంది. రొమ్ము క్యాన్సర్ కణానికి ఎముకను తొలిచే సత్తా లేదు. పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రొటీన్ విడిచి, ఎముక కట్టే కణాల చేత ర్యాంక్‌ఎల్ అనే సంకేతం పంపిస్తుంది. ఆ సంకేతం అందుకుని ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. కరిగిన ఎముకలోంచి పెరుగుదలకు ఊతమిచ్చే పదార్థాలు విడుదలవుతాయి, క్యాన్సర్ కణం వాటిని తాగి ఇంకా పెరిగి, ఇంకా సంకేతాలు పంపిస్తుంది. జోలెడ్రానిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు తెంచేది ఈ గొలుసునే. జోలెడ్రానిక్ యాసిడ్ మామూలు మోతాదు 4 మిల్లీగ్రాములు, 15 నిమిషాలకు తగ్గకుండా ఎక్కించాలి. ముందు క్రియాటినిన్, కాల్షియం చూడాలి, పళ్లు చూపించుకోవాలి.

నడుము నొప్పి అంటే ఎక్స్‌రే తీయించి "ఏమీ లేదు" అనుకోవడం ఇంకో ఉచ్చు. ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం కరిగేదాకా ఎక్స్‌రేలో మచ్చ కనబడకపోవచ్చు. క్యాన్సర్ వచ్చిపోయిన మనిషికి పడుకుంటే పెరిగే, రాత్రి నిద్ర లేపే వెన్నునొప్పి వస్తే ఎంఆర్ఐ కావాలి. దాంతోపాటు కాళ్లు తేలిపోతున్నా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా అపాయింట్‌మెంట్ కోసం సోమవారం దాకా ఆగకూడదు, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్నుపాము నలుగుతోందని అర్థం. వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇచ్చి, వెన్ను మొత్తం ఎంఆర్ఐ తీసి, ఆపరేషనో రేడియేషనో తేలుస్తారు. వైద్యం మొదలయ్యేనాటికి నడుస్తూ వచ్చిన మనిషి ఆ తర్వాతా నడిచే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయి రోజులు గడిస్తే తిరిగి లేపడం కష్టం.

రొమ్ము తీసేసిన పదేళ్లకు ఎముకలో తేలడం ఎలా సాధ్యం? మజ్జలో దిగిన కొన్ని కణాలు పెరగవు, చావవు, నిద్రపోతాయి. హార్మోన్ రిసెప్టర్ ఉన్న, అంటే హార్మోన్ ఊతంతో పెరిగే, రొమ్ము క్యాన్సర్‌కు ఈ గుణం మరీ ఎక్కువ. ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వాడి బాగున్న స్త్రీలను ఆ తర్వాత 15 ఏళ్లు గమనించి 2017లో లెక్క ప్రకటించారు. గడ్డ చిన్నదై, చంకలో బిళ్లలు లేనివాళ్లలో 13 శాతానికి దూరంగా మళ్లీ తేలింది. గడ్డ కాస్త పెద్దదై, నాలుగు నుంచి తొమ్మిది బిళ్లల్లో జబ్బున్నవాళ్లలో అది 41 శాతం. "గడ్డే తీసేశారు, మాత్ర దేనికి" అని రెండో ఏడు టామోక్సిఫెన్ మానేసేవాళ్లు మానేస్తున్నది నిద్రపోతున్న ఆ కణాలకు వేసిన కాపలా.

పక్కకు పాకేవి, పొట్టలో రాలేవి

అన్నీ నాళాలే ఎక్కవు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ మొదట పక్కకు పాకుతుంది. మూత్రనాళం అక్కడికి రెండు సెంటీమీటర్ల దూరంలోనే పోతుంది. అది నొక్కుకుంటే కిడ్నీ ఉబ్బుతుంది, నొప్పి పెద్దగా లేకుండానే క్రియాటినిన్ పెరుగుతుంది. ముందు స్టెంటో, వీపు నుంచి కిడ్నీకి గొట్టమో వేసి దాన్ని దించుకోవాలి, లేకపోతే సిస్‌ప్లాటిన్ ఇవ్వడం కుదరదు. అండాశయానిది పొట్టలోకి రాలే పద్ధతి. ఉదరంలోని నీటితో తిరిగి పేగుల మీది కొవ్వు పొర మీద, డయాఫ్రమ్ కింద అంటుకుంటుంది. నెలల తరబడి గ్యాస్ మందులు మింగించే పొట్ట ఉబ్బరంలో కొన్ని ఇవే.

రిపోర్టులో వెలిగినవి

రొమ్ములో పుట్టి లివర్‌కు వెళ్లినది లివర్ క్యాన్సర్ కాదు, లివర్‌లో ఉన్న రొమ్ము క్యాన్సరే. మందు రొమ్ముదే. "ఇప్పుడు రెండో క్యాన్సర్ కూడా వచ్చింది" అన్న కంగారు చాలాసార్లు ఈ పేరు దగ్గరి పొరపాటే. నాలుగో స్టేజీ అనగానే అన్నీ ఒకే గాటన కట్టలేం. పెద్దపేగు నుంచి లివర్‌లో రెండు మూడు గడ్డలే ఉండి, తీయగలిగిన చోట ఉంటే తీసేస్తారు, అలా తీయించుకున్నవాళ్లలో చాలామంది ఐదేళ్లు దాటుతున్నారు. వృషణ క్యాన్సర్ ఊపిరితిత్తులకు వెళ్లాక కూడా సిస్‌ప్లాటిన్‌తో నయమవుతుంది.

ఎంత దూరం వెళ్లిందో చూడటానికి వాడే పెట్-సీటీ వెతికేది క్యాన్సర్‌ను కాదు, చక్కెరను ఎక్కువగా తాగే కణాలను. ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. షుగర్ 200 లోపు ఉండాలి. ముందురోజు బరువులెత్తడం, పరుగులు వద్దు, కండలు వెలుగుతాయి. రేడియోధార్మికత కలిపిన చక్కెర ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెడతారు. ఆ మందు 110 నిమిషాలకోసారి సగమైపోతుంది, ఐదున్నర గంటలకు మిగిలేది ఎనిమిదో వంతే. మధ్యాహ్నం రమ్మంటే సాయంత్రం వెళ్తామనడం కుదరనిది అందుకే. మెదడు, కిడ్నీలు, మూత్రాశయం ఎవరికైనా వెలుగుతాయి. టీబీ బిళ్ల, చీము పట్టిన పన్ను కూడా వెలుగుతాయి. ఐదారు మిల్లీమీటర్ల కన్నా చిన్నవి వెలగకపోవచ్చు. మెడకు కీమోతో కలిపి రేడియేషన్ ఇచ్చాక, ఏమైనా మిగిలిందేమో చూసే పెట్-సీటీకి 12 వారాలు ఆగాలి. ఆతృతపడి నెలకే తీయిస్తే రేడియేషన్ వాపు వెలుగుతుంది, లేని జబ్బుకు సూదులు పడతాయి.